టేపు పట్టని అంచనా మాకొద్దు

రాళ్లవాన పడిన మర్నాడు ఊరికి వచ్చే అధికారి జేబులో పెన్ను ఉంటుంది, చేతిలో ఫోను ఉంటుంది. టేపు మాత్రం ఉండదు. మన వాదమంతా ఆ లేని టేపు గురించే.

రేకులు ఎగిరిపోయిన ఇంటి ముందు నిలబడి, తల పైకెత్తి చూసి, "పాక్షికం" అని ఒక్క మాట రాసుకొని పక్కింటికి వెళ్లడాన్ని ప్రభుత్వం నష్టం అంచనా అంటోంది. ఎన్ని అడుగుల కప్పు పోయింది? ఎన్ని రేకులు పగిలాయి? కింద ఇనుము వంగిందా, నిలిచిందా? మళ్లీ కప్పు వేయాలంటే ఎంతవుతుంది? ఈ నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ ఆ కాగితంలో జవాబు ఉండదు. జవాబు లేని కాగితాన్ని అంచనా అని ఎలా ఒప్పుకుంటాం?

ఇప్పుడే ఈ మాట ఎత్తడానికి కారణం ఉంది. విపత్తు సాయం కింద ఏ నష్టానికి ఎంత ఇవ్వాలో చెప్పే కేంద్ర హోంశాఖ నిబంధనలు 2022-23 నుంచి 2025-26 వరకు అమలుకు పెట్టినవి. ఈ మార్చి 31తో ఆ గడువు ముగుస్తుంది. తర్వాతి ఐదేళ్లకు మన కప్పు విలువ ఎంతో ఎక్కడో ఒక గదిలో రాస్తారు. ఆ గదిలోకి మన లెక్క చేరాలంటే ముందు మన చేతిలో లెక్క ఉండాలి.

మట్టి మిద్దె పోయి రేకు వచ్చాక

నారాయణఖేడ్, కంగ్టి, మనూర్, కల్హేర్, సిర్గాపూర్, నాగల్‌గిద్ద మండలాల్లో పాత ఇళ్లు చూసినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. మందపాటి మట్టి గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, పైన చవుడు మట్టి. వానాకాలం ముందు మిద్దె ఎక్కి చవుడు పోసి తొక్కేవాళ్లు. మట్టి ఊరిదే, కట్టె చెలక గట్టుదే, పని ఇంటివాళ్లదీ ఇరుగుపొరుగుదీ. ఈరోజు నీ మిద్దె, రేపు నా మిద్దె. కప్పు బాగు చేసుకోవడానికి ఒళ్లు అలిసేది గానీ అప్పు అయ్యేది కాదు.

ఆ రోజులు తిరిగి రావాలని మేం అనడం లేదు. నాలుగు రోజులు ముసురు పడితే ఆ మిద్దెలు నాని కూలేవి, మనుషుల్నీ పశువుల్నీ మింగేవి. ఇవాళ్టికీ ఆగస్టు వానల్లో మట్టి గోడ కూలిన వార్త లేని ఏడాది లేదు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదక్ జిల్లాలను ముంచెత్తిన వాన మన పక్కనే కురిసింది. జనం రేకుకు మారింది భయంతోనూ, సౌకర్యం కోసమూ. ఆ మారడం సబబే.

కానీ మారినప్పుడు ఒక సంగతి మన మీద పడింది. కప్పు దుకాణంలో కొనే వస్తువు అయింది. రేకు, పైపు, స్క్రూ, వెల్డింగ్ రాడ్డు, బండి కిరాయి, అన్నీ నగదే. చవుడు మట్టికి జీఎస్టీ లేదు. రేకుకు ఉంది. కప్పు ఖర్చు ఒంటి కష్టం నుంచి రొక్కంలోకి మారింది, సర్కారు సాయం మాత్రం ఇంకా మట్టి మిద్దె కాలంలోనే ఉంది.

ఒక ఇంటి కప్పు లెక్క

ఇక్కడ మాటలు ఆపి లెక్క చేద్దాం. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు ఉన్న ఇల్లు తీసుకోండి. మన ఊళ్లలో మామూలు రైతు ఇల్లు. రెండు వైపులా వాలు, నడుమ కొప్పు. నేల మీద కొలిస్తే 600 చదరపు అడుగులు. పంచాయతీ రికార్డులో ఉండేదీ ఈ అంకెనే.

కప్పు గోడ దగ్గర ఆగదు. వాన గోడను తడపకుండా చూరు బయటికి రావాలి. రెండు చివర్ల ఒక్కో అడుగు వదిలితే పొడవు 32 అడుగులు. ముందూ వెనకా అడుగున్నర చొప్పున వదిలితే వెడల్పు 23. నడుమ కొప్పు మూడున్నర అడుగుల ఎత్తు లేపితే ఒక్కో వాలు దాదాపు 12 అడుగులు వస్తుంది. 32ను 12తో గుణించి, రెండు వాలులకు రెట్టింపు చేస్తే 768 చదరపు అడుగులు. ఇది కప్పు.

రేకు మూడున్నర అడుగుల వెడల్పు ఉంటుంది. పక్క రేకు మీద ఎక్కించి వేయాలి కాబట్టి నికరంగా కప్పేది 3.28 అడుగులే. 32 అడుగులకు పది రేకులు, రెండు వైపులకు ఇరవై. 12 అడుగుల రేకులు ఇరవై అంటే 840 చదరపు అడుగులు. దుకాణంలో డబ్బు కట్టేది ఈ 840కి.

ఇల్లు 600, కప్పు 768, కొనేది 840. రికార్డు చూసి లెక్క కట్టినవాడు మొదటి అడుగులోనే 240 అడుగులు మింగేశాడు.

ఇక కింది ఇనుము. నాలుగడుగులకు ఒక వరస చొప్పున ఒక్కో వాలుకు నాలుగు వరసలు, మొత్తం ఎనిమిది. 32 అడుగుల చొప్పున 256 అడుగులు. పది అడుగులకు ఒకటి చొప్పున నాలుగు త్రికోణపు చట్రాలు. ఒక్కోదానికి రెండు వాలు పైపులు, ఒక అడ్డపైపు, నడుమ నిలువు కలిపి 47న్నర అడుగులు. నాలుగింటికి 190. పైపు 20 అడుగుల పొడవు వస్తుంది. వరసలకు 13, చట్రాలకు 10, కోతలో పోయేదానికి ఒకటి. మొత్తం 24 పైపులు. రెండంగుళాల చదరపు పైపు 2 మిల్లీమీటర్ల మందంలో ఒక్కోటి 18 కిలోలు తూగుతుంది. అంటే 432 కిలోల ఇనుము.

ఇప్పుడు ధరలు. కింద వేసినవి లెక్క చూపించడానికి మేం పెట్టుకున్న రేట్లు. మీ దుకాణంలో ఎక్కువో తక్కువో ఉంటే ఆ అంకె వేసుకొని గుణించుకోండి. కొలతలు మారవు, రేట్లు మారతాయి.

రంగు రేకులు: 840 చదరపు అడుగులు, అడుగు 45 చొప్పున 37,800 రూపాయలు.
పైపులు: 432 కిలోలు, కిలో 65 చొప్పున 28,080.
కొప్పు రేకు: 32 అడుగులకు 2,500.
స్క్రూలు: 350, ఒక్కోటి 5 చొప్పున 1,750.
సామాను మొత్తం: 70,130.
దాని మీద 18 శాతం జీఎస్టీ: 12,623.
పాత కప్పు విప్పడం: నలుగురు మనుషులు, రెండు రోజులు, 800 కూలి చొప్పున 6,400.
వెల్డింగ్, బిగింపు: 768 అడుగులకు 25 చొప్పున 19,200.
గోడల పైవరస బాగు చేయడం, సిమెంటు, సుతారి కూలి: 6,000.
బండి కిరాయి: 3,000.

అంతా కలిపితే 1,17,353 రూపాయలు.

ఇందులో అనుకోని ఖర్చు వేయలేదు. మేస్త్రీ చాయ్ ఖర్చు వేయలేదు. పని అయ్యేదాకా కుటుంబం ఎక్కడ పడుకుందో, గింజలు ఎక్కడ పెట్టుకుందో వేయలేదు. ఇనుమంతా నిలిచి రేకులు మాత్రమే పోయాయనుకున్నా, రేకులు, కొప్పు, స్క్రూలు పన్నుతో కలిపి 49,619 అవుతాయి. కూలి వేరే.

విప్పే కూలి గురించి ఒక మాట. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. యూరప్ సంఘ దేశాలు 2005 నుంచే దాన్ని పూర్తిగా నిషేధించాయి. మన దగ్గర పగిలిన ముక్కల్ని పిల్లలు చేతులతో ఏరుతున్నారు. ఆ రేకుల్ని నీళ్లతో తడిపి, పగలగొట్టకుండా, ముక్కూ నోరూ కట్టుకొని దించాలి. ఆ పనికి సమయం పడుతుంది, కూలి పడుతుంది. అంచనాలో ఆ వరస కచ్చితంగా ఉండాలి.

సర్కారు లెక్క

ఇప్పుడు ప్రభుత్వం అంకెలు పక్కన పెడదాం. ఆ నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000. పక్కా ఇల్లు పాక్షికంగా దెబ్బతింటే 6,500. కచ్చా ఇల్లు పాక్షికంగా దెబ్బతింటే 4,000. అదీ కనీసం 15 శాతం నష్టం ఉంటేనే. గుడిసెకు 8,000. ఇంటిని ఆనుకొని ఉన్న పశువుల కొట్టానికి 3,000.

గోడలు నిలిచి కప్పంతా పోయిన ఇంటిని ఏ వరసలో రాస్తారు? "పూర్తి" అంటే 1,20,000. "పాక్షికం" అంటే 6,500. మధ్యలో ఇంకో మొత్తం లేదు. ఆ ఒక్క మాట విలువ 1,13,500 రూపాయలు. ఇంత విలువైన మాట రాయడానికి తల పైకెత్తి చూడటం సరిపోతుందా? పదిహేను శాతం అంటే దేనిలో పదిహేను? నేల వైశాల్యంలోనా, కప్పు వైశాల్యంలోనా, ఇంటి విలువలోనా? కొలవనివాడికి శాతం ఎక్కడ నుంచి వచ్చింది?

మన లెక్కలోని ఇంటికి 6,500 ఇచ్చారనుకోండి. అయ్యే ఖర్చులో అది నూటికి ఐదున్నర రూపాయలు. ఏనుగు దాహానికి చూరునీళ్లా అని మన పెద్దలు అనేవాళ్లు. ఇక్కడ చూరు కూడా లేదు.

ఇంకో కోణంలో చూడండి. బిల్లు తీసుకొని కొన్న రైతు ఆ కప్పు సామాను మీద కట్టిన జీఎస్టీ 12,623. అందులో సగం కేంద్రం పద్దు, సగం రాష్ట్రం పద్దు. ఒక్కో పద్దుకు 6,311 రూపాయలు. విపత్తు నిధిలో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఆ 6,500లో కేంద్రం నుంచి వచ్చింది 4,875, రాష్ట్రం నుంచి వచ్చింది 1,625. కప్పు పోయిన రైతుకు ఇద్దరూ కలిసి ఇచ్చింది 6,500. అదే రైతు దగ్గర ఇద్దరూ కలిసి తీసుకున్నది 12,623. ఈ వ్యవహారంలో సాయం చేసిందెవరు, పొందిందెవరు?

పెంచాం కదా అంటారు. పెంచారు. 2015 నుంచి అమలైన నిబంధనల్లో పక్కా ఇంటి పాక్షిక నష్టానికి 5,200 ఉండేది. 2022లో 6,500 చేశారు. ఏడేళ్లకు 1,300 పెంపు. మన లెక్కలో ఒక్క పైపు ధర పన్నుతో కలిపి 1,380. ఏడేళ్ల పెంపుకు ఒక పైపు కూడా రాదు.

ఇక "పక్కా" అనే మాట సంగతి. జనాభా లెక్కల్లో ఇనుప రేకు, సిమెంటు రేకు శాశ్వత కప్పు కింద వస్తాయి. ఇరవై ఏళ్ల కింద వేసిన రేకు, నెర్రెలు బాసి, తారు ముక్కలతో అతికించుకున్నదైనా, కాగితం మీద పక్కానే. ఇల్లు కావాలని అడిగినప్పుడు "నీకు కప్పుంది కదా" అంటారు. కప్పు పోయిందని అడిగినప్పుడు "ఇల్లుంది కదా" అంటారు. ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైంది. కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లకు 5 లక్షలు ఇస్తున్నారు. మంచిదే, అర్హులందరికీ రావాలి. కానీ నిలిచిన గోడల మీద కప్పు ఒక్కటే మార్చుకోవాల్సిన రైతు ఆ వరసలో ఎక్కడా లేడు.

మూడు మాటలు, మూడు జవాబులు

ఈ సంగతి అడిగినప్పుడు మనకు వినిపించేవి మూడు మాటలు.

మొదటిది, "ఇది సాయం మాత్రమే, పరిహారం కాదు." నిబంధనల్లోనూ సాయం అనే రాసి ఉంది, నిజమే. అలాగైతే ఊరికి వచ్చి చేసే పనిని నష్టం అంచనా అనకండి. మా చేత సంతకం పెట్టించుకునే కాగితం మీద "ఈ ఇంటికి నష్టం 6,500" అని రాయకండి. నష్టం 1,17,353, ప్రభుత్వం ఇచ్చే సాయం 6,500 అని రెండు అంకెలూ రాయండి. నష్టం ఎంతో నిజం రాయడానికి ప్రభుత్వానికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. రాస్తే మాత్రం జిల్లా మొత్తం మీద అసలు పోయిందెంతో బయటపడుతుంది. రేపు నిబంధన మార్చేవాళ్ల ముందు ఆ అంకె ఉంటుంది. ఇప్పుడు వాళ్ల ముందున్నది వాళ్లే ఇచ్చిన డబ్బుల మొత్తం. ఇచ్చినదాన్నే పోయినదిగా చూపించుకుంటూ నష్టం తక్కువే అంటున్నారు.

రెండోది, "రైతులు ఎక్కువ చేసి చెబుతారు." అందుకే టేపు పెట్టమంటున్నాం. టేపు ఎక్కువా చెప్పదు, తక్కువా చెప్పదు. ఇరవై రేకుల్లో ఐదు పోతే ఐదే రాయండి. కళ్లతో చూసి రాసే పద్ధతిలోనే పైరవీకి చోటుంది. తెలిసినవాడి ఇల్లు "పూర్తి" అవుతుంది, తెలియనివాడిది "పాక్షికం" అవుతుంది. కొలత రాసి, రేకులు లెక్కపెట్టి, గ్రామసభలో చదివితే ఆ చోటు మూసుకుపోతుంది. దొంగ లెక్కకు భయపడేవాళ్లు ముందు కొలతను కోరుకోవాలి.

మూడోది, "అంత సిబ్బంది ఎక్కడున్నారు?" ఊళ్లో రెవెన్యూ మనిషి లేకుండా చేసింది ఎవరు? 2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థను రద్దు చేశారు. గ్రామ పాలన అధికారులను 2025లో గానీ నియమించలేదు. ఆ ఐదేళ్లూ రాళ్లవానలు సెలవు తీసుకోలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇందిరమ్మ ఇంటికి పునాది దశలో ఒకసారి, గోడల దశలో ఒకసారి, స్లాబు దశలో ఒకసారి మనిషి వచ్చి ఫొటో తీసి, సరిచూసి గానీ డబ్బు వేయడం లేదు. డబ్బు ఆపాలనుకున్నప్పుడు కొలత తెలుస్తుంది, మనిషి దొరుకుతాడు. నష్టం రాయాల్సి వచ్చేసరికి రెండూ కనిపించవు.

అసలు సర్కారుకు కప్పు అంచనా వేయడం రాక కాదు. ఏ మండల కార్యాలయం కప్పు కారుతున్నా ఇంజనీరు వస్తాడు. కొలతల పుస్తకంలో పొడవు, వెడల్పు, వాలు రాస్తాడు. విప్పే కూలి, బిగించే కూలి, సామాను, రవాణా, పన్ను, చివరికి కాంట్రాక్టరు లాభం కూడా ప్రామాణిక రేట్ల పట్టిక ప్రకారం వేస్తాడు. పై అధికారి సరిచూసి సంతకం పెడతాడు. ఆ పట్టిక ప్రభుత్వమే అచ్చు వేస్తుంది. ఆఫీసు కప్పుకు పట్టిక, రైతు కప్పుకు కంటి చూపు. ఒకే ప్రభుత్వం దగ్గర రెండు కొలబద్దలు ఎందుకున్నాయి? మేం కొత్త చట్టం అడగడం లేదు. కాంట్రాక్టరుకు వాడే పట్టికనే మా ఇంటికీ వాడమంటున్నాం. లాభం వరస తీసేసి రాసినా మాకు అభ్యంతరం లేదు.

గాలి, తాళం, కాగితం

మన ప్రాంతంలో కప్పు నష్టం కాగితం మీదికి ఎక్కకుండా పోవడానికి ఇంకో మూడు దారులున్నాయి.

ఒకటి గాలి. కేంద్రం గుర్తించిన పన్నెండు విపత్తుల్లో వరద ఉంది, వడగళ్లు ఉన్నాయి, తుపాను ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మన రేకులు లేపుకుపోయే గాలిదుమారం ఆ పేరుతో లేదు. రాష్ట్రం తన నిధిలో 10 శాతం వరకు స్థానిక విపత్తులకు ఖర్చు పెట్టుకోవచ్చని ఆ నిబంధనలే చెబుతున్నాయి. కాబట్టి గాలికి లేచిన రేకును ఏ పద్దు కింద రాస్తారో ప్రతి తహసీల్దార్ కార్యాలయం బోర్డు మీద రాసి పెట్టాలి. రాయి పడితే నష్టం, గాలి వీస్తే తలరాత అంటే కుదరదు.

రెండు తాళం. దసరా దాటాక మన తండాల నుంచి, ఊళ్ల నుంచి వేలమంది చెరుకు నరకడానికి చక్కెర ఫ్యాక్టరీల ప్రాంతాలకు పోతారు. కొందరు జహీరాబాద్, కామారెడ్డి వైపు, కొందరు కర్ణాటక, మహారాష్ట్ర వైపు. ఉగాది దాటేదాకా ఇళ్లకు తాళాలే. మార్చిలో రాళ్లవాన పడితే కప్పు పోయిన సంగతి కూడా వాళ్లకు ఫోన్లోనే తెలుస్తుంది. వాళ్లు తిరిగి వచ్చేసరికి జాబితా మూసేస్తారు. ఇంటికి తాళం వేసుంటే కప్పుకు వేసినట్టా? కప్పు బయట నుంచి కొలవొచ్చు. తాళం వేసిన ఇంటిని వదిలేయడం అంటే అందరికంటే పేదవాడిని వదిలేయడం.

మూడు కాగితం. దెబ్బతిన్న ఇల్లు అధికారులు ధ్రువీకరించిన అనుమతి పొందిన కట్టడం అయి ఉండాలని నిబంధన. గ్రామకంఠంలో తాతల నాటి ఇంటికి ఏ అనుమతి పత్రం ఉంటుంది? 2018 పంచాయతీరాజ్ చట్టంతో పంచాయతీలైన తండాల్లో ఇళ్లకు ఏ ప్లాను ఉంటుంది? ఆ ఇంటికి పంచాయతీ నంబరు వేసింది, పన్ను కట్టించుకుంటోంది, కరెంటు మీటరు పెట్టింది. వసూలుకు పనికొచ్చిన ఇల్లు సాయానికి పనికిరాదా? ఇంటి పన్ను రసీదునే రుజువుగా తీసుకోవాలి.

ఇల్లు కూడా సాగులో భాగమే

ఇది ఇళ్ల సంగతి కదా, రైతు సంఘానికేం పని అని కొందరు సభ్యులే అడుగుతున్నారు. మన గోదాము ఎక్కడుంది? కంది బస్తాలు, విత్తనం, ఎరువు, పత్తి అన్నీ ఆ రేకు కిందే. పత్తిలో తేమ 8 శాతం దాటితే సీసీఐ ధర కోస్తుంది, 12 దాటితే కొనదు. అక్టోబరులో ఒక్క రాత్రి కప్పు కారితే తెల్లారి ఆ పత్తి ప్రైవేటు వ్యాపారి చెప్పిన ధరకే పోతుంది. కప్పు బాగుంటేనే మద్దతు ధర మనది.

ఆ మద్దతు ధర లెక్కలో మాత్రం కప్పు లేదు. సాగు ఖర్చు లెక్కగట్టే కమిషన్ పనిముట్ల తరుగుదల వేస్తుంది, పొలం కట్టడాల తరుగుదల వేస్తుంది. పంటంతా దాచుకునే, కాపురముండే ఇంటికి ఆ పట్టికలో చోటు లేదు. 2025-26లో కందికి మద్దతు ధర క్వింటాలుకు 8,000. మన లెక్కలోని కప్పు వేయాలంటే 15 క్వింటాళ్ల కంది అమ్మాలి. మెట్ట చెలకలో ఎకరానికి నాలుగైదు క్వింటాళ్లు వస్తే మంచి పంట అంటాం. మూడు నాలుగు ఎకరాల పంట, పెట్టుబడి తీయకుండా, మొత్తానికి మొత్తం కప్పు మీద పెట్టాలి. అలా పెట్టగలిగేవాడెవడు? అందుకే అప్పు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 2,347. సర్కారు ఇచ్చే 6,500 మూడు నెలల వడ్డీకి కూడా చాలదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. కట్టిన ఇంటికే రెండోసారి కప్పు వేయాల్సి రావడం ఆ సామెత కట్టినవాళ్లు ఊహించి ఉండరు.

మనం అడిగేవి

ఒకటి. కప్పు నష్టాన్ని కప్పు వైశాల్యం మీద, పోయిన రేకులు, పెంకులు, దూలాలు, పైపుల లెక్కతో, ప్రభుత్వ ప్రామాణిక రేట్ల పట్టిక ప్రకారం అంచనా వేయాలి. రెవెన్యూ మనిషితో పాటు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ మనిషి రావాలి.

రెండు. పంచనామాలో అసలు నష్టం, ఇచ్చే సాయం వేరువేరుగా రాయాలి. ఆ కాగితం నకలు అదే రోజు ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలి. జాబితా గ్రామసభలో చదవాలి.

మూడు. ఏప్రిల్ నుంచి వచ్చే కొత్త నిబంధనల్లో 6,500కూ 1,20,000కూ మధ్య ఉన్న గుంత పూడ్చాలి. పావు వంతు పోతే పావు ఖర్చు, సగం పోతే సగం ఖర్చు, కప్పంతా పోతే కప్పు ఖర్చంతా ఇవ్వాలి. పశువుల కొట్టానికీ అదే పద్ధతి.

నాలుగు. విపత్తులో పోయిన కప్పు కోసం కొన్న సామాను మీద జీఎస్టీ బిల్లు చూపిస్తే వాపసు ఇవ్వాలి.

ఐదు. గాలిదుమారం నష్టాన్ని స్పష్టంగా చేర్చాలి. వలస పోయిన కుటుంబాల ఇళ్లను బయట నుంచి కొలిచి జాబితాలో పెట్టాలి. ఇంటి పన్ను రసీదు చాలని ఉత్తర్వు ఇవ్వాలి.

మనం చేసేవి

అడిగేవి అడుగుదాం. ఈలోపు మన చేతిలో ఉన్న పని చేద్దాం. మార్చి నెలాఖరులోగా ప్రతి గ్రామ కమిటీ ఒక టేపు, ఒక నోటు పుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరగాలి. ఊళ్లో సుతారినో వెల్డింగ్ మేస్త్రీనో వెంట తీసుకుపోండి. ఇంటి నంబరు, కప్పు పొడవు, వాలు పొడవు, రేకుల సంఖ్య, రేకు రకం, కింద కట్టెనా ఇనుమా, కొట్టం ఎంత. నాలుగు వైపుల నుంచి నాలుగు ఫొటోలు. వలస పోయిన ఇళ్లవి కూడా రాయండి, ఆ ఇంటివాళ్ల ఫోన్ నంబరు పక్కన పెట్టుకోండి.

వాన పడ్డాక ఎవరూ కప్పు లేకుండా అధికారి కోసం ఎదురుచూడలేరు. తాడుపత్రి కప్పుకుంటాం, నాలుగు రేకులు తెచ్చి వేసుకుంటాం. తర్వాత వచ్చినవాడు "బాగానే ఉంది కదా" అంటాడు. అందుకని రిపేరుకు చేయి వేసే ముందే ఫొటో తీయండి, పగిలిన రేకుల్ని లెక్కపెట్టి రాయండి, ఇద్దరు పొరుగువాళ్ల సంతకాలు తీసుకోండి. దుకాణంలో పక్కా బిల్లు అడగండి. బిల్లు లేకుంటే తక్కువకు ఇస్తానంటాడు, ఆ తక్కువ రేపు మనకే ఎక్కువవుతుంది.

ఎంత పోయిందని అడిగితే "ఓ లక్ష పోయింది సార్" అని గుండుగుత్తగా చెప్పకండి. "పన్నెండడుగుల రేకులు పదకొండు, పైపులు ఆరు, కొప్పు పద్దెనిమిది అడుగులు" అని చెప్పండి. కొలత చెప్పినవాడి ముందు కంటిచూపు అంచనా నిలవదు. పంచనామాలో తప్పు కొలత ఉంటే సంతకం పెట్టకండి. "కొలత ఒప్పుకోను" అని రాసి పెట్టండి, నకలు అడగండి.

గ్రామ కమిటీలు రాసిన పుస్తకాలన్నీ ఏప్రిల్ మొదటి వారంలో నారాయణఖేడ్‌లో ఒక్కచోట చేర్చి, మొత్తం తీసి, ఆర్డీవో కార్యాలయంలోనూ జిల్లా కలెక్టరేట్‌లోనూ ఇద్దాం. ఇచ్చినట్టు ముద్ర వేయించుకుందాం. పుస్తకం లేని ఊరు తరఫున ఆ రోజు మాట్లాడటం ఎవరికైనా కష్టం. టేపు ఖరీదు వంద, నూటయాభై రూపాయలు. లేని కమిటీలు ఈ వారమే కొనండి.